చాందినీ చుట్టాలు

కొండెంగలు చెట్టు మీద నుంచి చెట్టు మీదికి దూకవని రాజమల్లు అన్నాడు. దూకుతాయని, తాను కళ్ళారా చూశానని సదాశివ అన్నాడు. నాంపల్లిలో, బాగేఆమ్ తోట గేటు పక్కన, జామకాయల బండి ముందు మొదలైన ఆ వాదన చివరికి ఐదుగురు మనుషులను నల్లమల అడవికి తీసుకుపోయింది.

అది 1965 ఫిబ్రవరి. పొద్దున బాగేఆమ్‌లో నడవడానికి వచ్చేవాళ్ళు తిరిగి వెళ్తూ రాజమల్లు బండి దగ్గర ఆగేవారు. ఆయన జామకాయను నాలుగు చీలికలు చేసి, ఉప్పూ కారమూ అద్ది, పువ్వులా విప్పి చేతిలో పెట్టేవాడు. పక్కనే గోనెపట్టా పరుచుకుని ఆయన భార్య జంగమ్మ బంతిపూలు, మల్లెపూలు అమ్మేది. జామకాయ తినే వాళ్ళకు కొండెంగల కబుర్లు ఊరికే దొరికేవి.

రాజమల్లుకు అప్పటికి అరవై దాటాయి. సిద్దిపేట పక్క పల్లె నుంచి చిన్నతనంలోనే మేనమామ వెంట పట్నం వచ్చి, నాంపల్లిలో ఒక జాగీర్దారు పెద్ద భవంతిలో, ఆ దేవిడీలో పనికి కుదిరాడు. ఆ జాగీర్దారుకు జంతువులంటే ముచ్చట. నెమళ్ళు ఉండేవి, దుప్పులు ఉండేవి, వేపచెట్టు కింద ఇనప తీగలు అల్లిన పెద్ద జాలీ గదిలో కొండెంగలు ఉండేవి. నల్ల మొహం, బూడిదరంగు ఒళ్ళు, బారెడు తోక ఉన్న కొండముచ్చునే ఆ వైపు వాళ్ళు కొండెంగ అంటారు. వాటి బాధ్యత రాజమల్లుది. ముప్పై ఏళ్ళు వాటికి నీళ్ళు పోశాడు, తిండి పెట్టాడు, జాలీ గది కడిగాడు. వాటిలో చివరిది చాందినీ. పాలు తాగే పిల్లగా వచ్చి, ముసలిదై, ఒక మధ్యాహ్నం ఆయన ఒళ్ళో తల పెట్టుకుని కన్నుమూసింది. ఆ తర్వాత జాగీర్దారు వారసులు దేవిడీ అమ్మేశారు. అక్కడ లాడ్జి కట్టారు. రాజమల్లు జామకాయల బండి పెట్టుకున్నాడు. నోట్లో మాత్రం ఎప్పుడూ చాందినీ మాటే.

సదాశివకు ఆబిడ్స్‌లో రేడియోల దుకాణం. మనిషి స్థూలకాయుడు. డాక్టరు నడవమన్నాడని నడిచేవాడు గానీ, నడక కంటే నడక తర్వాత జామకాయ మీద ఆయనకు మక్కువ ఎక్కువ. ఆ రోజు ఏదో మాట మీద శ్రీశైలం యాత్ర గురించి చెబుతూ, ఘాట్ రోడ్డులో ఒక కొండెంగ ఈ పక్క చెట్టు మీద నుంచి ఆ పక్క చెట్టు మీదికి దూకిందని అన్నాడు.

"మా బస్సు మీదికెళ్ళి పోయింది రాజమల్లూ. డ్రైవర్ బ్రేక్ కొట్టిండు."

రాజమల్లు చేతిలో కత్తి ఆగింది.

"నువ్వు చూసింది కోతి అయ్యుంటది సేఠ్. కొండెంగ షరీఫ్ జానవర్. గద్దె మీద నవాబు కూసున్నట్టు కూసుంటది. దుంకుడు, ఎగురుడు దానికేం పని?"

"అరే, నా కండ్లతోటి చూసిన అంటున్న గద!"

"ముప్పై ఏండ్లు చూసిన కండ్లు నావి. తెల్లారంగనే గిట్లాంటి ముచ్చట్లు చెప్పకు."

సదాశివ నవ్వి, "జాలీ అర్రల పెట్టినంక యాడికి దుంకుతది?" అన్నాడు. అంతే. రాజమల్లు ఆయన చేతిలోని జామకాయ మెల్లగా వెనక్కి తీసుకుని బండి మీద పెట్టాడు.

"నీకు ఇయ్యాల జామకాయ లేదు సేఠ్."

నాంపల్లి బాలికల బడిలో సైన్సు చెప్పే అనసూయ టీచరు పక్కనే ఉంది. ఆమె నవ్వు ఆపుకుని, "పుస్తకంల అయితే దుంకుతయనే ఉన్నది రాజమల్లూ" అంది.

"పుస్తకం రాసినాయన దానికి నీళ్ళు పోసిండా టీచరమ్మా?"

"అదీ నిజమే. నేను గూడ ఎన్నడు చూడలే. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పుకుంట వస్తున్న." ఆమె ఒక క్షణం ఆలోచించింది. "పోయి చూస్తే అయిపాయె గద? అందరం కలిసి పోదాం."

ఆ మాట ఆమె సరదాకే అంది. కానీ ఆబిడ్స్ పోస్టాఫీసులో పనిచేసే విద్యాసాగర్ దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. పెళ్ళికాని కుర్రవాడు. కొత్తగా ఒక డబ్బా కెమెరా కొని, తీయడానికి ఏమీ దొరక్క మొజంజాహీ మార్కెట్ గడియారాన్నే పదిసార్లు తీసి ఉన్నాడు. వాళ్ళ పెదనాన్న కొడుకు అచ్చంపేటలో బడిపంతులు. అక్కడ పడుకోవడానికి ఇల్లుంది, అక్కడి నుంచి మన్ననూరు అడవి దగ్గరే, ఫారెస్టు వాచర్ కూడా తెలిసినవాడే అని ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"వస్తవా రాజమల్లూ?" అన్నాడు సదాశివ.

"వస్త. ఎందుకు రాను? నీ అబద్ధం తేలాలె."

అప్పటిదాకా దండ గుచ్చుతూ తల ఎత్తని జంగమ్మ, దారం పళ్ళతో తెంపి, "నేను గూడ వస్త" అంది.

"నువ్వెందుకే? గుట్టలు, బండలు... నడవగలవా?"

"గడ్డి కోసి, కట్టెలు మోసిన కాళ్ళివి. నాకు చెప్తున్నవా? పెండ్లయిన కాడికెళ్ళి కొండెంగ, కొండెంగ. కూర బాగుందని ఎన్నడు అనలే గని, చాందినీ రొట్టె ఎట్ల తిన్నదో దినాం చెప్పినవ్. అంతగనం వాటిల ఏమున్నదో నా కండ్లతోటి చూసుకుంట."

రాజమల్లు ఇంకో జామకాయ తీసుకుని కోయసాగాడు.

శనివారం పొద్దున గౌలిగూడ బస్టాండులో, ఆ పెద్ద రేకుల గుమ్మటం కింద అందరూ కలిశారు. సదాశివ కొత్త కాన్వాసు బూట్లు వేసుకుని, సుల్తాన్ బజార్ మిఠాయి దుకాణంలో కట్టించిన కచోరీల పొట్లంతో వచ్చాడు. అనసూయ పూరీలు, మంచినీళ్ళ కూజా తెచ్చింది. విద్యాసాగర్ మెడలో కెమెరా వేలాడుతోంది. జంగమ్మ జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టుకుంది. అందరికంటే చివర రాజమల్లు వచ్చాడు. ఆయనను చూసి జంగమ్మ తప్ప మిగతా ముగ్గురూ నోరు తెరిచారు.

దేవిడీ రోజుల ఖాకీ కోటు వేసుకున్నాడు. మోకాళ్ళ దాకా ఉంది. ముందు వరసగా ఇత్తడి గుండీలు, చింతపండుతో తోమినవి, బంగారంలా మెరుస్తున్నాయి. చేతిలో గంపెడు జామకాయలు.

"ఇదేంది తాతా, లాట్ సాబ్ లెక్క!" అన్నాడు విద్యాసాగర్.

"కొండెంగలను సాకే రఖ్వాలా అంటే గిట్లనే ఉండాలె బాబూ. కోటు చూస్తే కొండెంగ గుర్తు పడతది."

కండక్టరు ఆ కోటును, ఆ గుండీలను చూసి తన టోపీ సర్దుకున్నాడు. చెకింగ్ ఆఫీసరనుకున్నాడో ఏమో, "ఈడ కూసోండి సార్" అని ముందు సీటు ఖాళీ చేయించాడు. రాజమల్లు కాదనలేదు. గంప ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా కూర్చుని, అచ్చంపేట దాకా హుందాగా వెళ్ళాడు. మధ్యలో ఒకసారి జంగమ్మ వెనక సీటు నుంచి, "ఓ ఆఫీసర్ సాబ్, రొట్టె తింటవా?" అని అరిచింది. బస్సంతా నవ్వింది. కండక్టరుకు అప్పుడు సంగతి తెలిసింది గానీ, మర్యాదస్తుడు, సీటు మార్చమనలేదు.

ఆ రాత్రి పంతులు గారింట్లో పడుకుని, తెల్లవారుజామున మన్ననూరు చేరారు. వాచర్ మల్లయ్య టీ కొట్టు దగ్గర ఎదురుచూస్తున్నాడు. నలభై ఏళ్ళ హుషారైన మనిషి. ఏది అడిగినా ముందు నవ్వి తర్వాత జవాబు చెప్పేవాడు.

"కొండెంగలా? నిన్న పొద్దుగాల గా మలుపు కాడనే ఉండె. పెద్ద మంద. ఫికర్ చేయకున్రి, అరగంటల చూపిస్త."

అరగంట గడిచింది. గంట గడిచింది. దారి మెల్లగా పైకి ఎక్కుతోంది. టేకు ఆకులు ఎండి కాళ్ళ కింద పాపడాల్లా పగులుతున్నాయి. మోదుగచెట్లు అక్కడక్కడా ఎర్రగా మొగ్గ తొడిగాయి. గాలిలో ఏదో తీపి వాసన. పేరు తెలియని పిట్టలు ఎన్నో కూశాయి. కొండెంగ మాత్రం ఒక్కటీ లేదు.

"ఇయ్యాల యాడ మేస్తున్నయో వాటికే తెల్వాలె" అన్నాడు మల్లయ్య, తల గోక్కుని నవ్వుతూ.

"మేసుడేంది?" రాజమల్లు ఆగిపోయాడు. "బర్రెలా మేయనీకి?"

"ఆకులు తింటయి గద తాతా."

"కొండెంగ ఆకు తింటదా! చపాతీ తింటది. నానేసిన శెనగలు తింటది. జామకాయ అయితే పానం ఇడుస్తది."

"అడివిల చపాతీలు ఎవలు చేసి పెడ్తరు?"

అందరూ పగలబడి నవ్వారు. రాజమల్లు నవ్వలేదు. కోటు సర్దుకుని, గంప భుజం మార్చుకుని ముందుకు నడిచాడు.

కొత్త బూట్లు సదాశివ మడమలు కొరికేశాయి. ఆయన వాటిని విప్పి, లేసులు ముడివేసి మెడలో వేసుకున్నాడు. "ఏం సేఠ్, హారం మంచిగున్నది" అంది జంగమ్మ. ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపి అందరికంటే ముందు నడుస్తోంది. పట్నంలో గోనెపట్టా మీద కూర్చునే జంగమ్మేనా ఈమె అని అనసూయ ఆశ్చర్యపోయింది. మధ్యలో జంగమ్మ ఒక పొదలోంచి ఎర్రటి గురిగింజలు ఏరి కొంగున ముడివేసుకుంది. ఒక బండ ఎక్కి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసి, "ఎంతుందమ్మా ఈ అడివి! కొస కనపడ్తలేదు" అంది. ఆ గొంతులో చిన్నపిల్ల సంబరం ఉంది.

రాజమల్లు ఒక చోట నిలబడి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, దేవిడీలో పిలిచినట్టే పిలిచాడు.

"ఆవ్ బేటీ... ఆవ్, ఆవ్!"

అడవి విన్నది. ఎక్కడో దూరంగా ఒక నెమలి గట్టిగా అరిచింది.

"బేటీ పలికింది తాతా, గని వేరే బేటీ" అన్నాడు విద్యాసాగర్.

ఈసారి రాజమల్లు కూడా నవ్వాడు.

ఇంకొంచెం పోతే వాగు లోయ వస్తుందని, నీళ్ళ కోసం అక్కడికి వస్తాయని మల్లయ్య చెప్పాడు. దారి కిందికి దిగింది. రెండు గట్ల మధ్య సన్నటి వాగు, దాని మీద రెండు వైపుల నుంచీ వంగిన పెద్ద చెట్లు. చల్లగా ఉంది. అందరూ బండల మీద కూలబడ్డారు. సదాశివ కాళ్ళు నీళ్ళలో పెట్టి "హా" అన్నాడు. అనసూయ పూరీల డబ్బా మూత తీయబోతోంది.

"ఆ చెట్టుకు తాళ్ళు ఎవరు కట్టిన్రు?" అంది జంగమ్మ.

అవతలి గట్టు మీద నల్లమద్ది చెట్టుకు నిజంగానే తాళ్ళు వేలాడుతున్నాయి. బూడిదరంగువి, ఏడెనిమిది, కొసలు కొంచెం లావుగా. గాలి లేదు. అయినా ఒక తాడు మెల్లగా పైకి వంకర తిరిగింది.

"అవ్వో! తోకలు!"

అప్పుడు అందరికీ ఒక్కసారి కనిపించాయి. ఆకుల మధ్య, కొమ్మ కొమ్మకూ, నల్లటి మొహాలు. ఎప్పటి నుంచి చూస్తున్నాయో, అన్నీ వీళ్ళ వైపే చూస్తున్నాయి. చెవుల చుట్టూ తెల్లటి జుట్టు, ఒళ్ళో చేతులు, పెళ్ళిలో పెద్దమనుషులు కూర్చున్నట్టు. అనసూయ చేతిలో డబ్బా మూత అలాగే ఉండిపోయింది.

రాజమల్లు లేచి నిలబడ్డాడు. గంపలోంచి జామకాయ తీసి, చెయ్యి చాపి, రెండడుగులు ముందుకు వేశాడు. లోయలోకి దిగిన ఎండ ఆయన ఛాతీ మీద పడింది. గుండీలు భగ్గున మెరిశాయి.

పై కొమ్మ మీది పెద్ద మగది పళ్ళు బయటపెట్టి, గొంతులో దగ్గినట్టు "ఖక్! ఖక్!" అంది. ఒక్క రెప్పపాటు. కొమ్మలన్నీ ఊగాయి, ఆకులు రాలాయి, చెట్టు ఖాళీ అయిపోయింది.

రాజమల్లు చాపిన చెయ్యి అలాగే ఉంది.

"తాతా," అన్నాడు మల్లయ్య మెల్లగా, "నీ గుండీలు మెరిసినయి. తుపాకి అనుకున్నయో ఏమో. శికారోళ్ళు వచ్చేటోళ్ళు గద ఒకప్పుడు."

రాజమల్లు తల వంచి కోటు చూసుకున్నాడు. బతికినన్నాళ్ళూ ఆ కోటు కనిపిస్తే చాలు, చాందినీ జాలీ దగ్గరికి పరుగెత్తుకొచ్చేది. ఆయన పై నుంచి కిందికి ఒక్కొక్క గుండీ విప్పాడు. కోటు తీసి, గుండీలు లోపలికి వచ్చేలా మడిచి, జంగమ్మ చేతికిచ్చాడు. చిరుగుల బనీనుతోనే బండకు ఆనుకుని కూర్చున్నాడు.

"చలి పెడ్తది" అంది జంగమ్మ.

"పెట్టనీ."

అందరూ కదలకుండా కూర్చున్నారు. సదాశివ నీళ్ళలోంచి కాళ్ళు కూడా తీయలేదు. వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి ఎగువన ఒక కొమ్మ ఊగింది. తర్వాత ఇంకొకటి. ముందుగా ఒక ఆడది దిగింది. మోదుగ కొమ్మ వంచి, మొగ్గలు తెంపి నోట్లో వేసుకుని, తీరికగా నమిలింది. దాని వెనక మరో రెండు, మరో నాలుగు. లేత ఆకులు దూసి తింటున్నాయి.

"ఆకులే తింటున్నయి" అన్నాడు రాజమల్లు గుసగుసగా. కోపం లేదు ఆ గొంతులో. "ఆకులే తింటున్నయి జంగీ, చూడు."

అప్పుడు జరిగింది. అవతలి గట్టున చిటారు కొమ్మ మీది ఒక పడుచు కొండెంగ ముందుకు వంగి, కొమ్మను ఒకసారి ఊపి, గాలిలోకి లేచింది. చేతులు చాపి, తోక వెనక్కి బారుగా, వాగు మీదుగా, వాళ్ళ తలల మీదుగా, ఇవతలి గట్టు చెట్టులోకి వచ్చి పడింది. ఆకులు ఝల్లుమన్నాయి. దాని వెనకే రెండోది. మూడోది. ఒక్కొక్కటి దూకుతుంటే కింద నీళ్ళలో నీడ సర్రున పోతోంది. ఒక తల్లి వచ్చింది. పొట్టకు పిల్ల కరుచుకుని ఉంది. జంగమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లి దూరం చూసుకుంది, కొంచెం వెనక్కి జరిగింది, దూకింది. గాలిలో ఉండగా పిల్ల తల తిప్పి కిందికి చూసింది. ఆ చిన్న నల్లటి మొహం, ఆ గుండ్రటి కళ్ళు వాళ్ళందరికీ కనిపించాయి.

"పడ్డది... లేదు, లేదు, అందుకున్నది!" జంగమ్మ చప్పట్లు కొట్టింది.

నేను చెప్పలేదా అని సదాశివ అనలేదు. అనాలని గుర్తుకే రాలేదు. నోరు తెరుచుకుని, మెడలో బూట్లతో, తల పైకెత్తి అలా చూస్తూనే ఉన్నాడు. విద్యాసాగర్ కెమెరా మీట ఒక్కసారే నొక్కాడు. తర్వాత ఫిల్ము కడిగిస్తే అందులో ఖాళీ కొమ్మ, ఒక మూల తోక కొస మాత్రమే వచ్చాయి. అనసూయ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఇన్నేళ్ళుగా తాను బోర్డు మీద గీస్తున్న బొమ్మలో కొండెంగ కొమ్మకు అంటించినట్టు ఉంటుంది, సోమవారం నుంచి గాలిలో గీయాలి అనుకుంది.

ఇవతలి గట్టు చెట్ల మీద అవి సర్దుకున్నాయి. పిల్లలు ఒకదాని తోక ఒకటి పట్టుకు లాగుతూ, పెద్దవి విదిలిస్తే కిందికి జారి, మళ్ళీ పాకుతూ ఆట మొదలుపెట్టాయి. "అచ్చం మా ఏడో తరగతి" అంది అనసూయ. అందులో ఒక పిల్ల బండ మీదికే దిగి వచ్చింది. రాజమల్లు కూర్చున్న చోటు నుంచే ఒక జామకాయ దొర్లించాడు. అది జామకాయను ముట్టుకుంది, వాసన చూసింది, రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. తర్వాత నిర్లక్ష్యంగా వాగులో పడేసి చెట్టెక్కింది.

రాజమల్లు నవ్వడం మొదలుపెట్టాడు. ముందు నిశ్శబ్దంగా, భుజాలు కదిలేలా, తర్వాత గట్టిగా.

"వద్దన్నది! నా జామకాయ వద్దన్నది! నన్ను పట్టించుకోనే లేదు!"

నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. తుడుచుకున్నాడు. అవి ఆగలేదు. మిగతావాళ్ళు చూపులు పక్కకు తిప్పుకున్నారు. జంగమ్మ దగ్గరికి జరిగి కూర్చుంది.

"ముప్పై ఏండ్లు, జంగీ" అన్నాడు. "దానికి దుంకుడు వస్తదని నాకు ఎర్క లేకపాయె. కూసునుడే దాని గుణం అనుకున్న. దుంకనీకి జాగ లేక కూసున్నదేమో."

జంగమ్మ కోటు ఆయన వీపు మీద కప్పి, గుండీల మీద తన కొంగు వేసింది.

"నీకు జరం వచ్చి దవాఖానల పడ్డ ఏడు, దానికి తిండి ఎవరు పెట్టిన్రో ఎర్కనా?"

"జాగీర్దారు మనుషులు పెట్టి ఉంటరు."

"వాళ్ళు పెడితే తినలే. నేను పోయిన. నా చేతి రొట్టె గూడ ముట్టలే. దర్వాజ దిక్కు చూసుకుంట కూసున్నది. నేను గూడ జాలీ ఇవతల కూసున్న. 'నువ్వు ఆయన కోసమే చూస్తున్నవ్, నేను ఆయన కోసమే చూస్తున్న, తినకపోతే ఇద్దరం ఎట్ల బతుకుతం' అన్న. అప్పుడు చెయ్యి చాపి తీసుకున్నది. ఇద్దరం చెరి సగం తిన్నం." జంగమ్మ పైకి చూసింది. "జాలీ నువ్వు కట్టలే. ఆ అర్రల దానికి దొరికింది నువ్వొక్కనివే. నిన్ను తక్వ చేసుకోలే అది."

"ఎన్నడు చెప్పలేదేమే నాకు?"

"చెప్తే ఇంకా ఎక్వ దాని ముచ్చటనే చెప్తుంటివి!"

సదాశివ విననట్టు నటిస్తూ వినేశాడు. ఆయన నవ్వు ముందు బయటపడింది. తర్వాత అందరూ నవ్వారు. పై కొమ్మ మీది పెద్ద మగది ఒకసారి కిందికి చూసి, ఈ మనుషుల వల్ల ప్రమాదం లేదని తేల్చుకున్నట్టు ఆవులించి, వీపు తిప్పుకుని కూర్చుంది.

పూరీలు, రొట్టెలు, కచోరీలు అన్నీ బండ మీద పరిచి తిన్నారు. మల్లయ్య ఎల్లిపాయ కారంతో మూడు జొన్నరొట్టెలు లాగించి, ఇంత కమ్మటి కారం మన్ననూరులో లేదని ప్రమాణం చేశాడు. పైన వాళ్ళు ఆకులు, కింద వీళ్ళు రొట్టెలు, మధ్యాహ్నం దాకా అలా గడిచింది. ఎండ వాలే వేళకు మంద మెల్లగా ఎగువకు కదిలింది. చివరి తోక ఆకుల్లో కలిసిపోయే దాకా రాజమల్లు నిలబడి చూశాడు.

తిరుగుదారిలో అదే వాగును ఇంకో చోట దాటాలి. వచ్చేటప్పుడు రాళ్ళ మీద అడుగులు వేస్తూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని జాగ్రత్తగా దాటారు. ఇప్పుడు రాజమల్లు గట్టు మీద ఆగి, అవతలి ఒడ్డును చూశాడు. పెద్ద దూరం కాదు, కానీ అరవై దాటిన మనిషి తేలిగ్గా దాటేదీ కాదు. గంప మల్లయ్యకిచ్చాడు. పంచె ఎగగట్టాడు.

"ఏం చేస్తున్నవ్?" అంది జంగమ్మ అనుమానంగా.

ఆయన కొంచెం వెనక్కి జరిగాడు. పరుగెత్తాడు. చేతులు చాపి, గాలిలోకి లేచి, అవతలి గడ్డిలో మోకాళ్ళ మీద పడ్డాడు. లేచి, మోకాళ్ళు దులుపుకుని, ఇటు తిరిగి గర్వంగా నిలబడ్డాడు.

"తల తిరిగిందా నీకు? బొక్కలు ఇరిగితే ఎవరు మోస్తరు?" జంగమ్మ తిడుతూనే ఉంది, తిడుతూనే కొంగు నడుముకు బిగించింది. "జరుగు. అడ్డం నిలబడకు. నేను గూడ దుంకుతున్న."

ఆమె ఆయన కంటే అడుగు దూరం ఎక్కువే దూకింది.

విద్యాసాగర్ కెమెరా పట్టుకుని దూకాడు. అనసూయ, "మా బడిల ఎవరికి చెప్పకున్రి" అని అందరి దగ్గరా మాట తీసుకుని, కళ్ళు మూసుకుని దూకింది. సదాశివ మాత్రం చాలాసేపు ఆలోచించాడు. ఇవతల మల్లయ్య పక్కన తానొక్కడే మిగలడం బాగుండదనిపించిందేమో, శివ శివా అంటూ దూకి, సరిగ్గా వాగు మధ్యలో కూర్చున్నాడు. నీళ్ళు ఎగిరి ఒడ్డున ఉన్న వాళ్ళందరినీ తడిపాయి. మెడలోని బూట్లు పడవల్లా తేలాయి. రాజమల్లు పరుగున వచ్చి చెయ్యి అందించి, పైకి లాగాడు.

"నువ్వు చెప్పిందే నిజం సేఠ్. కొండెంగలు దుంకుతయి" అన్నాడు. "గని రేడియో దుకాణపోళ్ళకు దుంకుడు రాదు."

సోమవారం పొద్దున బాగేఆమ్ గేటు దగ్గర మామూలు కంటే ఎక్కువమంది పోగయ్యారు. ఉప్పూ కారమూ అద్దుతూ రాజమల్లు చెప్పసాగాడు. తనకు తెలిసిందంతా తప్పని, కొండెంగలు చపాతీ తినవని, వాగు మీదుగా పిట్టల్లా పోతాయని. వింటున్న ఒక ముసలి వకీలు, "నిన్న మొన్నటి దాకా ఇంకో తీరుగ చెప్పినవ్ గద?" అని అడిగాడు.

"అది నాకు తెల్సిన చాందినీ. వీళ్ళు దాని చుట్టాలు. చుట్టాల ఇంటికి పోతెనే గద మనిషి సంగతి పూరా తెలుస్తది" అన్నాడు రాజమల్లు, జామకాయ ఆయన చేతిలో పెడుతూ.

మరుసటి ఏడు మాఘంలో మళ్ళీ వెళ్ళారు. అనసూయ బడి నుంచి పన్నెండు మంది ఆడపిల్లలు, ముసలి వకీలు, ఆయన భార్య కూడా బయలుదేరడంతో గౌలిగూడలో సగం బస్సు వీళ్ళతోనే నిండిపోయింది. సదాశివ ఈసారి పాత చెప్పులు తొడుక్కున్నాడు. బస్సు మూసీ వంతెన దాటక ముందే ఆడపిల్లలంతా జంగమ్మ చుట్టూ చేరారు. ఆమె సీటు అంచున కూర్చుని, రెండు చేతులూ రెక్కల్లా చాపి చెబుతోంది.

"తల్లి దుంకింది బిడ్డా... దాని పొట్టకు గింత పిల్ల... ఏ, కిటికీల కెళ్ళి చెయ్యి లోపట పెట్టు... ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా?"